మా కారూ, నేనూ, వినియోగదారుల కమిషనూ

కారు లేనివాడికి ఒకటే విచారం: కారు లేదే అని. కారున్నవాడి విచారాలు లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. ఈ ముక్క నేను కారు కొనకముందు ఎవరైనా చెప్పి ఉంటే, ఓర్వలేక అంటున్నారనుకునేవాణ్ణి.

మాది హైదరాబాదు పాతబస్తీ. ఉప్పుగూడలో మా నాన్నగారు కట్టించిన ఇల్లు. మా పాతబస్తీకి కార్లు కొత్త కాదు. చౌమహల్లా ప్యాలెస్ చూడబోయినవారు అక్కడ నిగనిగలాడే పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూసే ఉంటారు. 1912 నాటిది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్నదంటారు. కాని ఆయన 1911లోనే కాలం చేశారు. తర్వాత ఊరేగింపులకు తప్ప బయటికి తీయకపోవడంతో అది తిరిగిన దూరం కొన్ని వందల మైళ్లేనట! నూరేళ్లు దాటినా అది పెళ్లికొడుకులా ఉన్నదంటే రహస్యం అదే. నడపని కారు చెడదు.

మా కారుకు ఆ యోగం లేదు. అది నడవాలి. ఎందుకంటే మా అమ్మ నడవలేదు.

అమ్మకు మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు మలక్‌పేట వైపు ఆస్పత్రికి తీసుకుపోవాలి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని లేచిన మనిషిని ఆటోలో కుదుపుకుంటూ తీసుకురావడం చూడలేక, 2017లో చేతులు మారిన చిన్న మారుతీ కారు ఒకటి కొన్నాను. నేను బడిలో లెక్కల మాస్టారుని. ఆ కారు వెల నా లెక్కకు మించినదే. అయినా కొన్నాను.

చాబీ తిప్పిన పాపం

2020 అక్టోబరు 13, మంగళవారం. ఆ రాత్రి హైదరాబాదులో ఉన్నవారెవరూ ఆ వానను మరచిపోలేరు. ఊరి శివారున ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. మా పాతబస్తీ పెద్దలు ఏ నీటినైనా 1908 నాటి మూసీ వరదతో పోల్చి ‘ఇదొక లెక్కా?’ అంటారు. ఆ రాత్రి మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. మా వీధిలో మోకాలు దాటి నీళ్లు పారాయి. ఇంటిముందు నిలిపిన కారు అద్దాల దాకా మునిగి, తెల్లవారేసరికి బురద పూసుకుని నిలబడింది.

నీళ్లు తీసిన తరువాత నేను చేసిన మొదటి పని, కారులో కూర్చుని తాళంచెవి తిప్పడం. ‘టక్’ మని ఒక చప్పుడు వచ్చింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ‘టక్’. మూడోసారి ఆ చప్పుడు కూడా రాలేదు.

డబీర్‌పురాలో మా కారు చూసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. ఆయన తండ్రి మా నాన్నగారి స్కూటరు చూసేవాడు. ఫోన్ చేయగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

“మాస్టర్ సాబ్, చాబీ తిప్పారా?”

“తిప్పాను, ఉస్తాద్.”

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లు.”

అవతల కొంచెంసేపు మాట లేదు. “నీళ్లల్లో ఆగిన బండికి చాబీ పెట్టొద్దు సాబ్. నీళ్లు పోయినాక కూడా పెట్టొద్దు. ముందు బ్యాటరీ తీసెయ్యాలి. ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు బయటికి పంపించాలి” అన్నాడు.

సంగతేమిటంటే, గాలిని నొక్కితే నలుగుతుంది, నీటిని నొక్కితే నలగదు. ఇంజను సిలిండరులో ఉండవలసింది గాలీ పెట్రోలూ. అక్కడ నీరు చేరినప్పుడు మనం తాళం తిప్పితే పిస్టను పైకి లేస్తుంది. నీటికి పోయే దారి ఉండదు. పిస్టనుకు ఆగే వీలుండదు. అప్పుడు ఏదో ఒకటి వంగాలి. సాధారణంగా వంగేది పిస్టన్నూ కింది క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్. లెక్కలు చెప్పే నాకు ఇంత చిన్న భౌతికశాస్త్రం ఆ ఉదయం ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

“ఇన్సూరెన్సు ఉందిగా?” అని మీరడగవచ్చు. నాకున్నది థర్డ్ పార్టీ పాలసీ. అది నా కారు పనికి రాదు. పూర్తి పాలసీ ఉన్నవారికి కూడా, నీటిలో మునిగిన బండిని స్టార్ట్ చేయడంవల్ల ఇంజను చెడితే, ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ లేనిదే డబ్బు రాబట్టడం కష్టం.

ఉస్తాద్ కారు చేస్తానన్నాడు కాని నెలా పదిహేను రోజులు ఆగమన్నాడు. ఆ వారంలో ఫలక్‌నుమా పక్క అల్ జుబైల్ కాలనీ నుంచి హఫీజ్ బాబానగర్ దాకా మునగని కారు అరుదు. ఆయన దుకాణం ముందు గల్లీ పొడుగునా బండ్లు వరుస కట్టాయి. అయ్యే ఖర్చు 30 వేలకు మించదన్నాడు. నాకేమో ఆగే ఓపిక లేదు. కరోనా రోజులు. అమ్మను ఆటోలో కూర్చోబెట్టాలంటే భయం. అంచేత, పెద్దరోడ్డు మీద అద్దాల తలుపులతో, బోర్డు మీద మూడు రంగుల దీపాలతో మెరుస్తున్న ఒక వర్క్‌షాపుకు బండిని లాగించాను. దాని పేరు ఇక్కడ అనవసరం.

కచ్చా బిల్లు, పక్కా బిల్లు

అక్టోబరు 22న బండి అప్పగించాను. ఖర్చు రూ. 46,000 అవుతుందన్నారు. రూ. 20,000 అడ్వాన్సు ఫోన్ ద్వారా పంపాను. పది రోజులకు “హెడ్డు కూడా పోయింది సార్” అన్నారు. మరో వారానికి “స్టార్టర్ మోటారు కూడా” అన్నారు. ఖర్చు వారంవారం పెరుగుతూ రూ. 71,500 దగ్గర ఆగింది. ఇంజను విప్పి బల్లమీద పరిచిన తర్వాత వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ఆపరేషను బల్లమీద రోగిని పడుకోబెట్టి ఫీజు పెంచినట్టే అది.

డిసెంబరు 5న కారు చేతికొచ్చింది. కడిగి, తుడిచి, లోపల అత్తరు వాసన కూడా కొట్టారు. లెక్క కాగితం చేతికిచ్చారు. అందులో ‘కనెక్టింగ్ రాడ్, కొత్తది’ అని ఒక వరుస ఉన్నది. కాని దాని మీద దుకాణం పేరు లేదు, బిల్లు నంబరు లేదు, ముద్ర లేదు.

“ఇది కచ్చా బిల్లు సార్. పక్కా బిల్లు కావాలంటే పన్ను పడుతుంది. పది పన్నెండు వేలు ఎక్కువవుతుంది. మీ ఇష్టం” అన్నాడు గుమాస్తా.

ఇక్కడ నా తప్పు దాచుకోను. ఆ పన్నెండు వేలు మిగిలాయని సంతోషించాను. మిగిలిన డబ్బులో రూ. 31,500 ఫోన్ ద్వారానూ, రూ. 20,000 వారడిగినట్టు నోట్లుగానూ ఇచ్చి బయటపడ్డాను. తీసేసిన పాత సామాను చూపించమని అడగాలని కూడా తోచలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో “పన్నెండు వేలు ఆదా చేశాను” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పాలవాడి లెక్కా, చాకలి పద్దూ రాసుకునే పుస్తకం తీసి, తేదీ వేసి, ‘కారు రిపేరు, ఫోనులో 31,500, చేతికి 20,000’ అని రాసుకున్నది.

ఆరు రోజులు కారు బాగానే నడిచింది. కాదు, నడిచిందని నేననుకున్నాను. రెండోరోజు నుంచే లోపల ఎవరో వేలితో తలుపు కొడుతున్నట్టు సన్నని చప్పుడు. డిసెంబరు 11న అమ్మకు డయాలిసిస్ చేయించి తిరిగి వస్తుంటే సంతోష్‌నగర్ దగ్గర ఎర్రదీపం వెలిగింది. వెనుక నుంచి నీలంరంగు పొగ. కారు నట్టనడి రోడ్డుమీద ఆగిపోయింది.

వెనక సీట్లో అమ్మ. చేతికి కట్టు. మిషను మీదనుంచి లేచిన రోజున ఆవిడకు తల తిరుగుతుంది, నోరు ఎండిపోతుంది, కాని మనసారా నీళ్లు తాగడానికి లేదు. వెనక బస్సుల హారన్లు. పుణ్యాత్ములు ఇద్దరు కారును పక్కకు నెట్టారు. ఆటో దొరికేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ అమ్మ ఒక్క మాట అనలేదు. ఇల్లు చేరి మంచం మీద పడుకున్నాక మాత్రం, “బాగుచేశామని డబ్బు తీసుకున్నారు గదరా?” అన్నది.

నన్ను కమిషను దాకా నడిపించింది ఆ ప్రశ్నే.

ఇంజను చెప్పిన సాక్ష్యం

జనవరి చివరికల్లా కారు రెండుసార్లు ఆ వర్క్‌షాపుకు పోయి వచ్చింది. మొదటిసారి ఆయిలు మార్చి పంపించారు. రెండోసారి “ఇది పాత బండి సార్, ఇంతకంటే ఏం వస్తుంది?” అన్నారు. మూడోసారి నేను వెళ్తే యజమాని ఊళ్లో లేడన్నారు. ఆయన స్వరం లోపలి గదిలోంచి వినబడుతూనే ఉన్నది.

ఫిబ్రవరిలో కారును తాడుకట్టి డబీర్‌పురాకు లాగించాను. ఉస్తాద్ హెడ్డు విప్పాడు. మా కారుది మూడు సిలిండర్ల ఇంజను. ఒక్కొక్క పిస్టన్నూ పూర్తిగా పైకి తెప్పించి, ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి చూశాడు. మొదటిదీ రెండోదీ అంచుకు సమంగా ఉన్నాయి. మూడోది అంచుకు రెండు మిల్లీమీటర్లు దిగువనే ఆగిపోయింది.

“చూశారా సాబ్? రాడ్ పొట్టిదైంది. ఇనుము పొట్టిది కాదు గదా, వంగింది” అన్నాడు. తరువాత రాడ్ బయటికి తీశాడు. నడుము మీద ప్రెస్సులో పెట్టి సరిచేసిన గాట్లు, వాటిని దాచడానికి ఆకురాయి పట్టిన గీతలు కనిపించాయి. బేరింగులు ఒకవైపే అరిగిపోయాయి. కొత్త రాడ్ అని రాసి వంగిన రాడ్‌నే సాపుచేసి పెట్టారన్నమాట.

“ఉస్తాద్, ఈ ముక్క ఒక కాగితం మీద రాసి ఇవ్వు” అన్నాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. “సాబ్, ఈ గల్లీలో ఒకరి పానా ఒకరం అడుక్కుని పనిచేసేవాళ్లం. ఇవ్వాళ నేను ఇంకో దుకాణం మీద కాగితం రాస్తే, రేపు లేతు షాపువాడు నా పని ముట్టడు. సామానువాడు ఉద్దెర ఇవ్వడు. మీ బండి బాగు చేస్తాను. పైసలు మెల్లగా ఇవ్వండి. కాగితం మాత్రం అడగొద్దు” అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజం. న్యాయం నాకు కావాలి కాని దానికి కూలి ఆయన చెల్లించాలంటున్నాను! వంగిన రాడ్‌ను ఒక గుడ్డసంచిలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అది మా బీరువాలో, చీరల కింద, ఏడాదికి పైగా ఉన్నది. ఉస్తాద్ కొత్త రాడ్, కొత్త బేరింగులు వేసి, సిలిండర్లు సరిచేసి కారును మళ్లీ నిలబెట్టాడు. రూ. 24,500 అయింది. ఆ కారు ఈనాటికీ నడుస్తున్నది.

చట్టం ఏమంటుంది?

మార్చి నెలలో వర్క్‌షాపుకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇక చట్టం చదవడం మొదలుపెట్టాను. లెక్కల మాస్టారుకు చట్టం చదవడం కష్టమేమీ కాదు. రెండింటిలోనూ ‘అనుకొనుము’ అనే మాట ఎక్కువ.

చేతిపనివాడు పని చెడగొడితే ఏంచేయాలన్న ప్రశ్న చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘కంటకశోధనం’ అనే నాలుగో అధికరణం ఈ సంగతితోనే ఆరంభమవుతుంది. ఒప్పుకున్న వేళకు పని చేయనివాడికి కూలిలో నాలుగోవంతు కోత, దానికి రెట్టింపు జరిమానా. బట్టలు ఉతికేవారు చెక్క మీదనో నున్నని రాతి మీదనో ఉతకాలి. వేరేచోట ఉతికి చింపితే బట్ట ఖరీదుతోపాటు ఆరు పణాలు దండుగ కట్టాలి. మన కాలానికి వస్తే, అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1962 మార్చి 15న కాంగ్రెసుకు పంపిన సందేశంలో కొనుగోలుదారుకు నాలుగు హక్కులున్నాయన్నాడు. అందులో ఒకటి, తన మాట వినిపించుకునే హక్కు. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. అంటే మా కారు మునగడానికి మూడు నెలల ముందే!

కొత్త చట్టంలో నాకు పనికివచ్చిన సంగతులు కొన్ని మీకూ చెబుతాను. డబ్బు తీసుకుని చేసిన పనిలో కొరత ఉంటే, దాన్ని ‘సేవాలోపం’ అంటారు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వర్క్‌షాపు ఎక్కడున్నా సరే, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు ఏమీ లేదు. వకీలును పెట్టుకోవడం మన ఇష్టం. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. ఇంకొక ముఖ్యమైన ముక్క: బిల్లు ఇవ్వకపోవడమే ఒక ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అని కొత్త చట్టం అంటున్నది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది.

మరో వాక్యం చదివినప్పుడు నవ్వొచ్చింది. ఉచితంగా చేసిన సేవ ఈ చట్టం కిందికి రాదు. మా ఉస్తాద్ చిన్నాచితకా పనులకు ఎప్పుడూ డబ్బు పుచ్చుకోడు. ఆ పనుల మీద నేను ఫిర్యాదు చేయలేను. చేయవలసిన అవసరమూ ఎన్నడూ రాలేదు.

కాని అసలు చిక్కు ఒకటున్నది. లోపం ఉన్నదని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారుడిదే. మేము కేసు వేసిన మరుసటి నెలలోనే, 2021 అక్టోబరులో, సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సూత్రాన్ని మరోసారి స్పష్టం చేసింది. “నా కారు ఆగిపోయింది” అంటే చాలదు. ఎందుకు ఆగిపోయిందో తెలిసినవాడు చెప్పాలి. నాకు తెలిసినవాడు ఒక్కడే. ఆయన చెప్పనన్నాడు.

ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయిన తర్వాత, ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో మడిచిన కాగితం. డిగ్రీ చదువుతున్న తన కూతురి చేత రాయించాడట. మూడు పిస్టన్లూ ఎంతెంత ఎత్తున ఆగాయో, రాడ్ మీద ఏ గాట్లున్నాయో, బేరింగులు ఏ వైపు అరిగాయో, తేదీతో సహా రాసి ఉన్నది. కింద సంతకం.

“ఇంజను ఏం చెప్పిందో అంతే రాయించాను, సాబ్. ఎవరు చేశారో రాయలేదు. అది నా కళ్లముందు జరగలేదు” అన్నాడు.

“మరి లేతు షాపు?” అన్నాను.

“అల్లా మాలిక్. మొన్న అమ్మగారు నా దుకాణం ముందు ఆటో దిగుతుంటే చూశాను” అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

బల్లకు అటూ ఇటూ

2021 సెప్టెంబరులో నాంపల్లిలో ఫిర్యాదు దాఖలు చేశాను. చెల్లించిన రూ. 71,500 తిరిగి ఇప్పించాలనీ, మానసిక క్షోభకు రూ. 50,000 ఇప్పించాలనీ కోరాను. నష్టపరిహారంలో మనసు పడ్డ బాధకు కూడా లెక్క కట్టవచ్చునని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. ఇంట్లో ఈ అంకె చదివి వినిపిస్తే అమ్మ, “నా క్షోభ యాభై వేలేనట్రా?” అన్నది. ఆ లెక్క ఎలా వేశానో చెప్పలేక కళ్లజోడు తుడుచుకున్నాను.

ఎదుటివారు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకొక 15 రోజులు గడువు. గడువు లోపలే జవాబు వచ్చింది. అది చదువుతుంటే ముచ్చెమటలు పోశాయి. ఒకటి: నీట మునిగిన కారును స్టార్ట్ చేసి చెడగొట్టుకున్నది నేనే. రెండు: ఆ కాగితం తమ బిల్లు కాదు, దానిమీద తమ పేరే లేదు. మూడు: తమకు తెలియపరచకుండా ఇంజనును వేరొకరి చేత విప్పించాను కనుక, ఆ రాడ్ తాము వేసినదేనన్న నమ్మకమేమిటి?

మొదటిది నిజమే కాని, చెడినదాన్ని బాగుచేస్తామనే కదా వారు డబ్బు పుచ్చుకున్నది. రెండోదానికి నా ఫోనులో రూ. 51,500 పంపిన దాఖలాలు ఉన్నాయి. మిగతా ఇరవై వేలకు మా ఆవిడ పద్దు పుస్తకం. పాల లెక్కల మధ్య అదే కలంతో, అదే తేదీన రాసిన వరుస. దాని నకలు కూడా దాఖలు చేశాను. మూడోదానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. విప్పేముందు వారికి ఒక ఉత్తరం రాసి, “ఫలానా రోజున విప్పుతున్నాం, వచ్చి చూసుకోండి” అని ఉండవలసింది. ఆ ఉత్తరం ఖర్చు నలభై రూపాయలు. అది రాయనందుకు నేనెంత పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

పరీక్షలు అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లోనూ, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లోనూ తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. మాది ఇంకా ఎక్కువే పట్టింది. రెండు వాయిదాలు వారడిగారు. ఒకటి అమ్మ ఆస్పత్రిలో ఉన్నందున నేనడిగాను. ఆ తరువాత మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటారా అని ఇరుపక్షాలనూ అడిగారు. ఇదీ 2019 చట్టంలో వచ్చిన కొత్త ఏర్పాటే. ఇద్దరూ సరేనంటే కమిషను అనుబంధంగా ఉండే మధ్యవర్తుల దగ్గరికి పంపుతారు. రాజీ కుదిరితే రాతపూర్వకంగా రాసి సంతకాలు చేస్తారు. దాని మీద కమిషను ఉత్తర్వు వేస్తుంది. ఉత్తర్వు పాటించకపోతే జైలుశిక్ష దాకా ఉంటుంది. అంచేత అది వట్టి నోటిమాట కాదు.

2022 జూన్‌లో బల్లకు అటుపక్క ఆ వర్క్‌షాపు యజమాని కూర్చున్నాడు. అద్దాల గది వెనక ఉన్నప్పుడు పెద్దమనిషి అనుకున్నాను. చూస్తే ముప్ఫై ఏళ్లుండవు. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. నేను గుడ్డసంచి విప్పి రాడ్‌ను బల్లమీద పెట్టాను. పక్కన ఉస్తాద్ రాయించిన కాగితం.

ఆయన రాడ్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గాట్ల మీద బొటనవేలు పెట్టాడు. “ఇంజన్ పని లేతు షాపుకు పంపించాం సార్. కొత్తది వేశామని మా ఫోర్‌మన్ రాశాడు. ఆ నెలలో నా దగ్గర నలభై బండ్లు ఉన్నాయి. అన్నీ మునిగినవే. నేను ప్రతి ఒక్కటీ చూసుకోలేకపోయాను” అన్నాడు.

“నీ దగ్గర నలభై ఉన్నాయి నాయనా. మా దగ్గర ఉన్నది అదొక్కటే” అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. నాకు ఆ క్షణాన, ఏడాదిన్నర నుంచి కూడబెట్టుకున్న కోపంలో సగం ఎటో పోయింది. మధ్యవర్తి నెమ్మదిగా లెక్క తీశారు. హెడ్డు పని, స్టార్టర్ మోటారు నిజంగా చేశారు. వాటిని ఉస్తాద్ కాగితం కూడా కాదనలేదు. నేను నోటీసు ఇవ్వకుండా విప్పించిన లోటు నాది. బిల్లు ఇవ్వని లోటు వారిది. కొసకు రూ. 45,000 దగ్గర తెగింది. రెండు వాయిదాల్లో ఇచ్చారు. రెండో వాయిదా చెప్పిన రోజుకంటే రెండు రోజుల ముందే వచ్చింది.

మా ఆవిడ లెక్క

ఇంటికొచ్చాక మా ఆవిడ పద్దు పుస్తకం తీసింది. వర్క్‌షాపుకు 71,500, ఉస్తాద్‌కు 24,500, మొత్తం 96,000. తిరిగి వచ్చినది 45,000. పోయినది 51,000. కారు లేని రోజుల ఆటో ఖర్చులు, జిరాక్సులు, నోటరీ, నాంపల్లి తిరుగుళ్లు వేరే. “ఉస్తాద్ చెప్పినట్టు ఆగి ఉంటే 30 వేలతో పోయేది. పక్కా బిల్లు తీసుకుని ఉంటే పైన పన్నెండు వేలు అయ్యేది కాని, మొత్తం డబ్బు అడిగే నోరు ఉండేది. మీరు ఆదా చేసిన పన్నెండు వేల ఖరీదు ఇదండీ” అన్నది. లెక్కల మాస్టారుని. ఒక్క అంకె కూడా తప్పుపట్టలేకపోయాను.

మరి ఇంత తిరిగి లాభమేమిటంటారా? నేను గెలిచానని చెప్పను. కాని “పాత బండి, ఇంతకంటే ఏం వస్తుంది?” అని నన్ను పంపించేసినవారు, బల్లకు ఎదురుగా కూర్చుని ఆ రాడ్ చేత్తో పట్టుకుని చూశారు. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. నలభై ఐదు వేలకంటే నాకు అదే ఎక్కువ అనిపించింది.

మీ ఇంట్లోనూ కారో, స్కూటరో, ఫ్రిజ్జో ఉండే ఉంటుంది. ఏదో ఒకనాడు చెడుతుంది. అప్పుడు నాలాగా కాకుండా, పని మొదలుపెట్టేముందే అంచనా కాగితం మీద రాయించుకోండి. పెరిగిన ప్రతిసారీ పెరిగిన కారణం రాయించుకోండి. తీసేసిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. పక్కా బిల్లు తీసుకోండి. మళ్లీ చెడితే, రెండోవారి చేత విప్పించేముందు మొదటివారికి, పంపినట్టు రుజువు ఉండేలా ఉత్తరం రాయండి. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నేను నాంపల్లి మెట్లెక్కి దిగాను కాని, 2025 జనవరి 1న ‘ఈ-జాగృతి’ వచ్చిన తరువాత ఇంట్లో కూర్చునే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కాగితం అడిగితే ఎదుటివాణ్ణి అనుమానించినట్టవుతుందని మొహమాటపడకండి. మంచి పనివాడికి కాగితం అవమానం కాదు. ఆ సంగతి నాకు చెప్పినవాడు మా ఉస్తాదే.

ఆ ఏడు జూలైలో ఆయిలు మార్పించడానికి డబీర్‌పురా వెళ్లాం. డయాలిసిస్ రోజు కావడంతో అమ్మ వెనక సీట్లో ఉన్నది. పని అయ్యాక డబ్బు ఇవ్వబోతే ఉస్తాద్ “ఆగండి సాబ్” అని లోపలికి వెళ్లి, కొత్త బిల్లు పుస్తకం ఒకటి తెచ్చాడు. పైన దుకాణం పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చు వేయించి ఉన్నది. మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొస పంటికింద పెట్టి, నెమ్మదిగా రాశాడు. ఆయిలు, ఫిల్టరు, రూ. 1,850. బిల్లు నంబరు 1.

“లేతు షాపు సంగతేమిటి ఉస్తాద్?” అని అడిగాను.

“రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత వాడి బండి చెడింది. నా దగ్గరికే తెచ్చాడు” అన్నాడు నవ్వుతూ.

అమ్మ కిటికీలోంచి చేయి చాచి ఆ కాగితం పుచ్చుకున్నది. అద్దాలు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివింది. తరువాత దాన్ని జాగ్రత్తగా మడిచి, తన ఆస్పత్రి కాగితాల ఫైలులో, డాక్టరుగారి చీటీ పక్కన పెట్టుకున్నది.

“అది కారు బిల్లమ్మా!” అన్నాను.

“తెలుసులేరా. నాకూ దానికీ ఒకే ఫైలు చాలు” అన్నది అమ్మ.